చెన్నైకి దగ్గర్లో ఏ బీచ్ దేనికి బాగుంటుంది? నీళ్లలో ఎక్కడ దిగొచ్చు, ఎక్కడ దిగకూడదు?

వైద్యం, చదువు, ఉద్యోగం, పెళ్లి షాపింగ్... ఏ పని మీద చెన్నై వెళ్లినా తెలుగువాళ్లు ఒక సాయంత్రం సముద్రం కోసం దాచుకుంటారు. ఎక్కువమంది మెరీనాకే వెళ్లి వెనక్కి వచ్చేస్తారు. నగరం నుంచి మహాబలిపురం దాకా తీరం వెంబడి చూడదగ్గ బీచ్‌లు ఇంకా ఉన్నాయి. అయితే కూర్చోడానికి బాగుండే బీచ్ వేరు, నీళ్లలో దిగదగ్గ బీచ్ వేరు. ఆ తేడా తెలియకే ఏటా ప్రాణాలు పోతున్నాయి.

ముందుగా ఒక పొరపాటు. సబర్బన్ రైళ్లు బయల్దేరే ‘చెన్నై బీచ్’ స్టేషన్ దగ్గర ఇసుక తీరం ఉండదు. అది హార్బర్ ఎదురుగా ఉంటుంది. మెరీనాకు వెళ్లాలంటే సెంట్రల్ పక్కనే ఉన్న పార్క్ టౌన్ స్టేషన్‌లో ఎంఆర్‌టీఎస్ రైలెక్కి చేపాక్, తిరువల్లికేణి, లైట్ హౌస్ స్టేషన్లలో ఎక్కడైనా దిగొచ్చు.

మెరీనా: నడకకు, ఈతకు కాదు

1880ల్లో మద్రాస్ గవర్నర్‌గా ఉన్న మౌంట్‌స్టువర్ట్ గ్రాంట్ డఫ్ ఇక్కడ నడకదారి వేయించి, దీనికి మెరీనా అని పేరు పెట్టారు. ఇంత వెడల్పైన ఇసుక మొదటి నుంచీ లేదు. ఈ తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. 19వ శతాబ్దం చివర్లో కట్టిన హార్బర్ గోడలు దాన్ని అడ్డుకున్నాయి. దాంతో గోడలకు దక్షిణాన మెరీనా పెరిగింది. ఉత్తరాన రాయపురం, తిరువొత్తియూర్ వైపు తీరం కోతకు గురైంది. అక్కడి ప్రజలకు చాలాచోట్ల ఇసుకకు బదులు బండరాళ్ల గట్లే మిగిలాయి.

మెరీనాలో స్నానం, ఈత నిషేధం. ఒడ్డు దగ్గరే లోతు పెరుగుతుంది, లోపలికి లాగే ప్రవాహాలు బలంగా ఉంటాయి. పైగా కూవం నది మురుగు దగ్గర్లోనే సముద్రంలో కలుస్తుంది. తెల్లవారుజామున నడకకు, సూర్యోదయానికి మాత్రం దీన్ని మించింది లేదు.

బీసెంట్ నగర్, తిరువాన్మియూర్

అడయార్ నదికి దక్షిణాన ఉన్న ఇలియట్స్ బీచ్‌లో రద్దీ మెరీనా కంటే తక్కువ. అష్టలక్ష్మి ఆలయం, వేలాంకణ్ణి చర్చి నడిచి వెళ్లే దూరంలో ఉన్నాయి. ఇసుకలో కనిపించే తెల్లని కట్టడం కార్ల్ ష్మిట్ స్మారకం. 1930లో ఇక్కడ మునిగిపోతున్నవారిని కాపాడబోయి ప్రాణాలు కోల్పోయిన డెన్మార్క్ నావికుడాయన. దాని నీడలో ఫొటోలు దిగే చాలామందికి ఆ సంగతి తెలియదు. ఇంకా దక్షిణాన తిరువాన్మియూర్, నీలాంకరై బీచ్‌లు మరింత ప్రశాంతంగా ఉంటాయి. ఇక్కడ కూడా పాదాలు తడుపుకోవడంతో సరిపెట్టుకోవడమే క్షేమం.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరంలో గుడ్లు పెడతాయి. 1988 నుంచి విద్యార్థి స్వచ్ఛంద సంస్థ ఒకటి రాత్రిపూట నడుస్తూ ఆ గుడ్లను సేకరించి కాపాడుతోంది. ఆ నెలల్లో రాత్రివేళ ఒడ్డున టార్చిలైట్లు, ఫ్లాష్‌లు వాడకపోవడం మంచిది.

కోవళం: బ్లూ ఫ్లాగ్ తీరం

ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదుగా సుమారు 40 కిలోమీటర్లు వెళ్తే కోవళం వస్తుంది. ఇది కేరళ కోవళం కాదు, చెంగల్పట్టు జిల్లాలోని మత్స్యకార గ్రామం. 2021లో దీనికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. డెన్మార్క్ కేంద్రంగా పనిచేసే సంస్థ 33 ప్రమాణాలను చూసి ఈ గుర్తింపు ఇస్తుంది. నీటి నాణ్యత, పర్యావరణ నిర్వహణ, అవగాహన, భద్రత అందులో ముఖ్యం. కుటుంబంతో నీళ్లలో దిగాలనుకునేవారు ఇక్కడికి రావడం మేలు. అయితే గుర్తింపు ఊరి తీరమంతటికీ కాదు. లైఫ్‌గార్డులు ఉన్నచోట, హద్దు గుర్తుల లోపలే దిగాలి.

ఈ గుర్తింపు శాశ్వతం కూడా కాదు, ఏటా నిలబెట్టుకోవాలి. 2020లో బ్లూ ఫ్లాగ్ పొందిన విశాఖపట్నం రుషికొండ బీచ్, నిర్వహణ లోపాల ఫిర్యాదులతో 2025లో దాన్ని తాత్కాలికంగా పోగొట్టుకుని, తర్వాత తిరిగి పొందింది.

ఇంకొంచెం ముందుకెళ్తే మహాబలిపురం. తీర దేవాలయంతో సహా ఇక్కడి కట్టడాలు 1984 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. గుడి చూసి, ఒడ్డున కూర్చుని రావడానికి ఒక రోజు సరిపోతుంది. ఈత విషయంలో ఇక్కడా జాగ్రత్త అవసరం.

రిసార్టులు దారి మూసేయవచ్చా?

ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద వెళ్తుంటే సముద్రం పక్కనే ఉన్నా ప్రహరీగోడలే కనిపిస్తాయి. తీరప్రాంత నియంత్రణ జోన్ నిబంధనల ప్రకారం నిర్మాణాలు ప్రజలు తీరానికి వెళ్లే దారికి అడ్డు రాకూడదు. పక్కపక్కన ఉన్న రెండు రిసార్టుల మధ్య ప్రజల కోసం కనీసం 20 మీటర్ల వెడల్పు ఖాళీ వదలాలి. దారి ఎక్కడుందో తెలియకపోతే స్థానిక మత్స్యకారులను అడగడం తేలిక. వారి పడవలు, వలలు ఉన్నచోటు వారికి పని స్థలమని గుర్తుంచుకోవాలి.

వెళ్లే ముందు గుర్తుంచుకోవాల్సినవి

* అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. తుపాను హెచ్చరిక ఉంటే ఒడ్డుకు వెళ్లొద్దు.
* అలలు విరుగుతున్న చోట్ల మధ్య ప్రశాంతంగా కనిపించే నీటిని నమ్మొద్దు. ఒడ్డుకు చేరిన నీరు తరచూ ఆ దారినే లోపలికి పరుగెడుతుంది.
* ఆ ప్రవాహంలో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదొద్దు. ముందు ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. చేతకాకపోతే తేలుతూ చెయ్యి ఊపాలి.
* ఎవరైనా మునిగిపోతుంటే వెంటనే దూకొద్దు. లైఫ్‌గార్డును పిలవండి, తాడో ఖాళీ క్యానో విసరండి. 112కి ఫోన్ చేయండి.