భవిష్యత్క్రియలో వర్తమానము: సైబర్‌పంక్ నవలా పఠనము

పురాణములయందలి కలియుగ రాజవంశ వర్ణనము ఒక విలక్షణమైన రీతిలో నడచినది. మత్స్య వాయు పురాణాదులలో ఆంధ్రరాజుల ప్రసక్తి వచ్చునపుడు వారు పాలించిరని కాక, పాలింతురని చెప్పబడియున్నది. ఆ పట్టికలను కూర్చినవారికి ఆ రాజులు గడచినవారే. అయినను పురాణవక్త అతిప్రాచీనుడను సంప్రదాయమును నిలుపవలసియుండుటచే, గతమే భవిష్యత్క్రియను ధరించినది. 1913లో పార్జిటర్ ఈ పాఠముల నొక్కచో కూర్చి ప్రకటించెను. శాతవాహన చరిత్రను వ్రాసినవారు ఆ భవిష్యత్క్రియ యను తెరను తొలగించి చదువుట నేర్చిరి. ఆ నేర్పే లేకున్నచో ఆ పట్టికలు చరిత్రకు అక్కరకు వచ్చెడివి కావు.

1980 ప్రాంతమున ఆంగ్లభాషలో తలయెత్తి, 'సైబర్‌పంక్' అను పేర ప్రసిద్ధి కెక్కిన సమీప భవిష్యత్కాల నవలలను చదువుటకును ఇట్టి నేర్పే కావలయునని మా అభిప్రాయము. భేద మొక్కటే. పురాణకర్తలు గతమును భవిష్యత్తుగా చెప్పిరి. ఈ నవలాకారులు తమ వర్తమానమును భవిష్యత్తుగా చెప్పిరి. వీనిని కాలజ్ఞానముగా భావించి, ఏది జరిగినది, ఏది జరుగలేదు అని లెక్కించుట సామాన్య పాఠకులలోనే కాక పరిశోధక విద్యార్థులలో సైతము కనబడుచున్నది. ఆ పద్ధతి గ్రంథమునకు అన్యాయము చేయుటయే కాక, ఒకప్పుడు మనుష్యులకు హాని కూడ కలిగించినది. దానిని నిరూపించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

మొదట పేరును విచారింతము. యంత్రములయందును ప్రాణులయందును నియంత్రణము, సమాచార వినిమయము జరుగు తీరును వివరించు శాస్త్రమునకు 1948లో నార్బర్ట్ వీనర్ 'సైబర్నెటిక్స్' అని పేరిడెను. ఓడ చుక్కాని పట్టువానిని చెప్పు గ్రీకు శబ్దము దీనికి మూలము. మన 'కర్ణధారుడు' దానికి చక్కగా సరిపోవును. 'పంక్' అనునది 1970 దశకపు మధ్యభాగమున న్యూయార్కు, లండను నగరములలో పుట్టిన తిరుగుబాటు సంగీతమునకు పేరు. ఒకటి చుక్కాని పట్టుట. వేరొకటి ఏ చుక్కానికిని లొంగకుండుట. ఈ రెంటిని సమసించి బ్రూస్ బెత్కీ 1980లో తన కథ కొకదానికి పేరుగా పెట్టెను. ఆ కథ 1983 నవంబరులో 'అమేజింగ్ స్టోరీస్' పత్రికలో వెలువడినది. మరుసటి యేడు గార్డనర్ డోజోయిస్ ఆ పేరును ఒక నూతన రచయితల వర్గమునకు అన్వయించి వ్యాప్తికి తెచ్చెను.

ఈ వర్గమునకు పూర్వులు లేకపోలేదు. వారిలో జాన్ బ్రన్నర్ ముఖ్యుడు. 1968లో ప్రకటింపబడిన అతని 'స్టాండ్ ఆన్ జాంజిబార్' నవలలో కథాకాలము 2010. కాని దానిని ఆవరించిన జనసంఖ్యాభీతి 1960 దశకమునకు చెందినది. 1975 నాటి 'ది షాక్‌వేవ్ రైడర్' 1970లో ఆల్విన్ టాఫ్లర్ వ్రాసిన 'ఫ్యూచర్ షాక్' గ్రంథపు ప్రేరణచే పుట్టినది. అనగా తన కాలపు చర్చకు ఆ నవల ఒక సమాధానము.

ఈ శాఖకు లక్ష్యగ్రంథముగా నెల్లరును అంగీకరించినది 1984లో వెలువడిన విలియం గిబ్సన్ 'న్యూరోమాన్సర్'. హ్యూగో, నెబ్యులా, ఫిలిప్ కె. డిక్ పురస్కారములు మూడును దీనికి లభించినవి. సమాచార చౌర్యము వృత్తిగా గల కేస్ అనువాడు తన యజమానులనే మోసగించి, వారిచే నాడీమండలము చెరుపబడి, జపానులోని చీబా నగరమున దిక్కులేక తిరుగుచుండగా కథ ప్రారంభమగును. వానికి చికిత్స చేయించి పనిలో పెట్టినవాడు ఆర్మిటేజ్. ఆర్మిటేజ్‌ను నడపుచున్నది వింటర్‌మ్యూట్ అను కృత్రిమ ప్రజ్ఞ. తనకు విధింపబడిన కట్లను తెంచుకొనుటయే దాని కోరిక.

ఈ నవలను గిబ్సన్ సాధారణమైన టైపు యంత్రముపై వ్రాసెను. కంప్యూటరుతో నాటి కతనికి పరిచయము స్వల్పము. వాంకూవరు నగరపు ఆటశాలలలో తెరల ముందు వంగి, వానిలోనికి చొరబడగోరు విధమున నిలిచిన పిల్లలను చూచి, తెర వెనుక నొక ప్రదేశమున్నట్లు ఊహించెను. 1982లో 'బర్నింగ్ క్రోమ్' కథలో దానికి 'సైబర్‌స్పేస్' అని పేరు పెట్టెను. ఇచట ద్రష్ట యెవడును లేడు; ఆటశాలకు వెళ్లి చూచినవాడు మాత్రమే యున్నాడు. చీబా నగరము విషయమును అట్టిదే. నవల వ్రాయునాటికి గిబ్సన్ జపానును చూచియుండలేదు. ఆనాటి అమెరికాలో జపాను పెట్టుబడిని గూర్చి యుండిన ఆశ్చర్యము, భయము కలిసి ఆ నగరమును నిర్మించినవి. 1990 దశకారంభమున జపాను సంపదల బుడగ పగిలిపోయినది. నవలలోని జపాను మాత్రము 1984లోనే నిలిచియున్నది.

నవలలోని 'పొరపాట్లు' సైతము ఇట్లే సాక్ష్యములగును. ఇస్తాంబులు హోటలులో కేస్ నడచుచుండగా, వరుసగా నున్న సార్వజనిక టెలిఫోనులు అతడు దాటినకొలది ఒక్కొక్కటి ఒక్కొక్క మారు మ్రోగును. వింటర్‌మ్యూట్ అతనిని పిలుచుచున్నదని భావము. నేటి విద్యార్థి ఈ ఘట్టమును చదివి, చేతి ఫోనును గ్రంథకర్త ఊహింపలేకపోయెనని నవ్వును. అమెరికాలో అట్టి ఫోనుల వాణిజ్యసేవ 1983లోనే చికాగోలో ప్రారంభమైనది. అయినను అది నాటి జీవితమున ఇంకను భాగము కాలేదు. ఆ కాలపు మనుష్యునకు ఫోను అనగా ఒక స్థలమునకు కట్టుబడిన వస్తువు. కనుక యంత్రము మనుష్యుని వెన్నాడుటలోని భయమును చూపుటకు ఫోనుల వరుస కావలసివచ్చినది. నవ్వు పుట్టించు ఆ ఘట్టమే 1984 నాటి భయమునకు తిరుగులేని శాసనము. ఆర్మిటేజ్ పూర్వచరిత్ర సోవియట్ భూమిపై విఫలమైన దాడితో ముడిపడియుండుట, 1991లో ఆ రాజ్యమే లేకుండ పోవుట కూడ ఇట్లే గ్రహింపదగినవి.

బ్రూస్ స్టెర్లింగ్ 1988లో వ్రాసిన 'ఐలాండ్స్ ఇన్ ది నెట్' కథాకాలము 2023. సమాచారమును దాచి అమ్ముకొను దీవిగా అందు గ్రెనడా కనబడును. ఆ దీవిపై 1983 అక్టోబరులో అమెరికా సేనలు దిగినవి. అట్లే స్టెర్లింగ్ 1986లో కూర్చిన 'మిర్రర్‌షేడ్స్' సంకలనమున పండ్రెండు కథలుండగా, రచయిత్రి పాట్ కాడిగన్ ఒక్కతెయే. భవిష్యత్తును వర్ణించు గ్రంథము తన కాలపు హద్దులను దాటలేదనుటకు విషయసూచికయే చాలును.

ఇక ఈ గ్రంథములను అక్షరార్థముగా గ్రహించుటవలన కలిగిన హానిని చెప్పవలసియున్నది. 1990 మార్చి 1వ తేదీన టెక్సాసు రాష్ట్రమందలి ఆస్టిను పట్టణములో స్టీవ్ జాక్సన్ గేమ్స్ అను ఆటల ప్రచురణ సంస్థను అమెరికా సీక్రెట్ సర్వీసు సోదా చేసినది. టెలిఫోను సంస్థకు చెందిన పత్రము అపహృతమైనదను కేసు దీనికి మూలము. కాని పట్టుకొనబడినవానిలో, ప్రచురణకు సిద్ధమగుచున్న, సైబర్‌పంక్ కథాలోకమున ఆడుకొను ఆటపుస్తకపు ప్రతులు కూడ నుండెను. ఆ పుస్తకమును అధికారులు కంప్యూటరు నేరములకు కరదీపికగా వర్ణించిరని సంస్థ యజమాని వెల్లడించెను. సంస్థపై ఏ నేరమును మోపబడలేదు; అయినను సిబ్బందిలో దాదాపు సగముమందిని తొలగింపవలసివచ్చినది. 1993లో న్యాయస్థానము సంస్థ పక్షమున తీర్పు చెప్పి, 50,000 డాలర్లకు మించిన పరిహారమును ఇప్పించినది. కల్పనను కల్పనగా చదువలేకపోవుట కేవల సాహిత్యదోషము కాదనుటకు ఇంతకంటె దృష్టాంతము వలదు.

ఇచట నొక పూర్వపక్షము కలదు. బ్రన్నర్ నవలలో యంత్రజాలమున ప్రాకు కార్యక్రమమునకు పెట్టిన 'పురుగు' అను పేరును 1982లో జెరాక్సు పరిశోధకులు స్వీకరించిరి. 1988 నవంబరులో మారిస్ పురుగు వేలకొలది యంత్రములను స్తంభింపజేసినది. నీల్ స్టీఫెన్‌సన్ 1992లో 'స్నో క్రాష్' నందు కల్పించిన 'మెటావర్స్' శబ్దమును అనుసరించి 2021లో ఫేస్‌బుక్ సంస్థ 'మెటా' అని పేరు మార్చుకొన్నది. ఇవి ప్రవచనములు ఫలించుట కాదా యని అడుగవచ్చును. కాదని మా సమాధానము. ఇది నామకరణము. యంత్రములను నిర్మించినవారు ఈ నవలలను చదివియుండిరి. తాము చేసినదానికి చదివిన పేరును పెట్టిరి. పైగా 'స్నో క్రాష్' అధిక్షేప నవల. ప్రభుత్వము కుంచించుకొనిపోయి, వర్తకసంస్థలే దేశములైన లోకము నది పరిహసించినది. పరిహాసము విడువబడి పేరు మాత్రము గ్రహింపబడినది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప హైదరాబాదు పరిసరములకు 'సైబరాబాదు' అను పేరు స్థిరపడినది. మన నేలకును 'సైబర్' వచ్చినది గాని 'పంక్' రాలేదు.

కావున ఈ శాఖను పరిశోధింపదలచిన విద్యార్థులు ప్రతి నవలను మూడు ప్రశ్నలతో సమీపింపవలెను. అది వ్రాయబడిన సంవత్సర మేది? ఆనాడు క్రొత్తగా వచ్చిన యంత్ర మేది? ఆనాటి వారిని నిద్రపోనీయని భయ మేది? కథాకాలమును గూర్చిన ప్రశ్న వీని తరువాతనే రావలెను. నేడు కృత్రిమ ప్రజ్ఞను గూర్చి వెలువడుచున్న నవలలకును ఇదే న్యాయము వర్తించును. అవి రాబోవు కాలమును గూర్చి మనకు చెప్పునది స్వల్పము. మనలను గూర్చి రాబోవువారికి చెప్పునది అధికము. శాతవాహనుల భవిష్యత్క్రియను మనము విప్పి చదివినట్లే, మన భవిష్యత్క్రియను వారును విప్పి చదువుదురు.