పాపాల జాబితాలో లేని పాపం

తెలుగు కతోలికులు పారిష్‌ని విచారణ అంటారు. ఒక ఫాదర్ గారి కింద ఉండే ఊళ్ళూ పల్లెలూ అన్నీ కలిపి ఒక విచారణ, ఆయన విచారణ గురువులు. మా మాలపల్లెలో ఈ మాటకి ఇంకో అర్థం కూడా ఉండేది. ఊరి చావడి దగ్గర పెద్దకులాలోళ్ళు అరుగుమీద కూర్చుని, మమ్మల్ని కింద నిలబెట్టి చేసేదీ విచారణే. అక్కడ తప్పు ముందే ఖాయమై ఉండేది, దండుగ కూడా ముందే ఖాయమై ఉండేది. మేం చెప్పేది వినే పని ఎవరికీ లేదు. గుంటూరు జిల్లాలో నేను పుట్టిన పల్లె ఈ రెండు విచారణల నడుమ బతికింది. ఇక్కడ నేను రాసేది గుడి విచారణ గురించి, అందులోనూ తపస్సు కాలంలో చేసుకునే పాపసంకీర్తనం గురించి. అది మా వాళ్ళకి ఏమిచ్చింది, ఏమివ్వకుండా దాచిపెట్టింది అన్నది నా ప్రశ్న.

మా విచారణకి పెద్ద గుడి మూడు మైళ్ళ అవతల రెడ్ల ఊళ్ళో ఉండేది. మాది సబ్‌స్టేషను. నెలకొక్కసారి ఫాదర్ గారు వచ్చి పూజ చేసి పొయ్యేవారు. మిగతా ఆదివారాలు ఉపదేశి జపాలు చెప్పించేవాడు. విభూది బుధవారం నాడు నుదుటిన బూడిద పెట్టించుకున్న కాణ్ణించి పాస్క పండగ దాకా తపస్సు కాలం. పెళ్ళిళ్ళు లేవు, మేళాలు లేవు. శుక్రవారం శుక్రవారం సిలువమార్గం. మా వైపు అది సరిగ్గా మిరపకోతల కాలం. పగలంతా ఎర్రటెండలో కాయలు కోసిన ఆడోళ్ళు, మండే చేతుల్ని కొంగులో చుట్టుకుని సాయంత్రం సిలువమార్గానికి వచ్చి మోకాళ్ళేసేవాళ్ళు. ఒక్కపొద్దుండమని మాకు ప్రత్యేకంగా ఎవరూ చెప్పాల్సిన పని లేదు. కూలి దొరకని రోజు మాకెటూ ఒక్కపొద్దే.

మట్టల ఆదివారానికి ముందు వారం పాపసంకీర్తనాలు. ప్రతి విశ్వాసీ ఏడాదికొక్కసారన్నా తన పాపాలు గురువుకి చెప్పుకోవాలనీ, పాస్కకి దివ్యసత్ప్రసాదం తీసుకోవాలనీ 1215లో రోములో జరిగిన నాలుగో లాతరన్ మహాసభ శాసనం చేసింది. ఏడున్నర శతాబ్దాల తర్వాత ఆ శాసనం మా పల్లె వేపచెట్టు కింద అమలయ్యేది. ఉపదేశి ఇంట్లోంచి కుర్చీ తెచ్చి వేసేవాళ్ళు. ఫాదర్ గారు మెళ్ళో ఊదారంగు పట్టీ వేసుకుని, మొహం పక్కకి తిప్పి, చెయ్యి చెంపకి ఆనించి కూర్చునేవారు. ముసలీ ముతకా ముందు, ఆ తర్వాత ఆడోళ్ళు, పిల్లలు, చివర మగాళ్ళు. వరసలో నిలబడ్డవాళ్ళు నాలుగడుగులు ఎడంగా ఉండాలి. ఎందుకంటే చెప్పేది ఇంకొకరి చెవిన పడగూడదు.

ఆ నాలుగడుగుల ఎడాన్ని తేలిగ్గా తీసిపారెయ్యొద్దని విద్యార్థి మిత్రులకి నా మనవి. మతం మత్తుమందు అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ళకి మా నాయనమ్మ మాట వినిపించాలి. ఆమె వయసులో ఉన్నప్పుడు మా విచారణకి మిల్‌హిల్ సభ తెల్ల ఫాదర్లు వచ్చేవాళ్ళు. "నా బతుకులో నేను చెప్పేది ఆసాంతం ఇన్నోడు ఆ దొరొక్కడేరా. చెవొగ్గి ఇన్నాడు, మధ్యలో కసరలా" అనేది. చావడి దగ్గర మా తప్పు పదిమంది నోళ్ళల్లో నానేది. వేపచెట్టు కింద చెప్పింది ఆ చెవిలోనే సమాధి అయ్యేది. విన్న గురువు ప్రాణం మీదికొచ్చినా దాన్ని బయటపెట్టగూడదని తిరుసభ చట్టం. గుట్టు అనేది ఆస్తిపరులకే ఉండే లోకంలో, మా వాళ్ళకి కూడా గుట్టు ఉంటుందని ఒప్పుకున్న మొదటి చోటు అది. అది ఆత్మగౌరవమే. చిన్నదే కావచ్చు, కానీ నిజమైనది.

అయితే ఆ చెవి మా దాకా రావటానికి చాలాకాలం పట్టింది. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి యేసుసభ గురువులు కర్ణాటక మిషన్ పేరుతో పుంగనూరు మీదుగా తెలుగు నేలలోకి వచ్చారు. పెద్దకులాలోళ్ళు దగ్గరికి రావాలంటే సన్యాసుల్లాగా బతకాలనుకున్నారు. కాషాయం కట్టారు, మాంసం మానారు. దాంతోపాటు అంటరానివాళ్ళకి దూరంగా ఉండటమూ వచ్చింది. మనిషి చావుబతుకుల్లో ఉన్నా ఆ గుడిసెలోకి గురువు అడుగుపెడితే పెద్దకులాలు గుడి మానేస్తాయని భయం. పోపు ప్రతినిధిగా పుదుచ్చేరి వచ్చిన తూర్నోన్ 1704లో దీన్ని తప్పుపట్టాడు. జబ్బుపడ్డ పరయలకి వాళ్ళ ఇళ్ళకే పోయి సంస్కారాలు ఇచ్చి తీరాలని ఆజ్ఞ వేశాడు. ఆ ఆజ్ఞ తమిళ దేశంలోని మధురై మిషన్‌కే కాదు, మైసూరు మిషన్‌కీ మన కర్ణాటక మిషన్‌కీ వర్తించింది. గురువులు ఒప్పుకోలేదు. నలభై ఏళ్ళు రోముతో వాదన నడిచింది. చివరికి 1744లో పోపు 14వ బెనెడిక్ట్ తీర్పు చెప్పాడు. అంటరానివాళ్ళ కోసం ప్రత్యేకంగా వేరే గురువుల్ని పెడతామని యేసుసభవాళ్ళు అడిగితే దానికి సరేనన్నాడు. అంటే దేవుడొక్కడే, పాపమొక్కటే, వినే చెవులు మాత్రం రెండు.

గుంటూరు ప్రాంతంలో రెడ్లూ కమ్మవాళ్ళూ కొందరు 18వ శతాబ్దంలోనే కతోలికులయ్యారు. మా మాల మాదిగలు పెద్ద సంఖ్యలో క్రైస్తవం పట్టింది 19వ శతాబ్దం చివర్లో, 1876-78 కరువు కాలం నించి. 1878 జులై 3న ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళల్లో ఎక్కువమంది మాదిగలు. బాప్టిస్టు గుళ్ళల్లో మా వాళ్ళే జనం, మా వాళ్ళే పెద్దలు. కతోలిక గుళ్ళోకి మేం పోయేటప్పటికి అక్కడ ముందు వరసలు నిండిపోయి ఉన్నాయి. ఆలస్యంగా వచ్చిన చుట్టాల్లాగా వెనక నిలబడ్డాం. మా విచారణలో పెద్ద గుళ్ళో మాకు వెనకభాగం, సమాధుల దొడ్డిలో మాకు గోడ అవతల భాగం. పండగ ఊరేగింపులో స్వరూపాన్ని మోసే భుజం మాది కాదు.

పెద్ద గుళ్ళో పాపసంకీర్తనానికి చెక్క పెట్టె ఉండేది. గురువుకీ పాపికీ నడుమ చిల్లుల చెక్క పెట్టే ఈ పద్ధతిని 16వ శతాబ్దంలో మిలాను అగ్రపీఠాధిపతి చార్లెస్ బొరోమియో తన పీఠంలో స్థిరపరిచాడు. ఆ చిల్లుల చెక్కకి రెడ్డిగారు నోరు ఆనించాడు, మా నాయనా ఆనించాడు. ఊళ్ళో ఒక గ్లాసుతో నీళ్ళు తాగని ఇద్దరు మనుషులు ఆ ఒక్కచోట ఒక చెక్కని పంచుకున్నారు. కాకపోతే వాళ్ళ వరస అయినాకే మా వరస.

ఇక పాపాల జాబితా. పాపసంకీర్తనానికి ముందు ఉపదేశి పది ఆజ్ఞలు వరసగా చదివి ఆత్మశోధన చేయించేవాడు. ఆదివారం పూజ మానావా? పోలేరమ్మ కొలుపుకి పోయావా? కల్లు తాగావా? పెళ్ళాన్ని కొట్టావా? చేలో కంకులు విరిచావా? ఇవన్నీ ఉండేవి. ఉండాల్సినవే. కానీ తిరుసభ సత్యోపదేశంలో, ఆకాశానికి మొరపెట్టే పాపాలని నాలుగు పాపాల్ని వేరుగా లెక్కగడతారు. అందులో ఒకటి పేదల్ని అణగదొక్కటం, ఇంకొకటి కూలివాడి కూలి ఎగ్గొట్టటం. ఈ సంగతి నేను కాలేజీకొచ్చి పుస్తకం చదివితే గానీ తెలియలేదు. రెండు కంకుల దొంగతనం మా పల్లెలో పసిపిల్లలకి కూడా తెలుసు. ఆకాశానికి మొరపెట్టే పాపం పేరు అరవై ఏళ్ళ కూలోడికి తెలియదు.

పెట్టెలో ఎవరేం చెప్పుకున్నారో అది గుట్టు. దాని జోలికి నేను పోను. కానీ ఫలితం గుట్టు కాదు కదా. దోచుకున్నవాడు దోచింది తిరిగివ్వాలి, లేదా ఇస్తానని గట్టిగా నిశ్చయించుకోవాలి, అప్పుడే పాపవిమోచనానికి అర్థం అని తిరుసభే చెప్తుంది. మరి ఎగ్గొట్టిన కూలి మా పల్లెకి తిరిగొచ్చిన పాస్క ఒక్కటీ నాకు గుర్తులేదు.

దీనికి తలకిందులుగా జరిగిన సంగతి మా ఇంట్లోనే ఉంది. 1967లో నన్ను బళ్ళో వేస్తూ మా నాయన కులం కాలమ్‌లో హిందూ మాల అని రాయించాడు. గుడి పుస్తకంలో నాకు పునీతుడి పేరు, బడి పుస్తకంలో వేరే పేరు. కారణం అందరికీ తెలిసిందే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. మమ్మల్ని చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1970లో మమ్మల్ని బీసీ-సీ అని పెట్టి 1 శాతం విదిలించారు. మతం మారితే మా మీద అంటరానితనం మారిందా? చావడి దగ్గర మేం ఎప్పుడూ మాలోళ్ళమే.

మా నాయన ప్రతి తపస్సు కాలంలోనూ ఇదే పాపం చెప్పుకునేవాడట. ముసలితనంలో ఆయనే నాతో అన్నాడు. "ఎనిమిదో ఆజ్ఞరా అయ్యా. అబద్ధసాక్ష్యం. పిల్లోడి చదువు కోసం దేవుణ్ణి కాదన్నా. ఏడాదికి పది మంగళవార్త జపాలు చెప్పుకున్నా, అయినా మళ్ళీ ఏడు అదే పాపం." ఇరవై ఏళ్ళు ఆయన ఆ బరువు మోశాడు. ఆ అబద్ధం ఎవరిది? మనిషిని వాడి దేవుడో వాడి అన్నమో ఏదో ఒకటే ఎంచుకోమన్న ఉత్తర్వుది. ఉత్తర్వు రాసినవాళ్ళెవరూ మోకాళ్ళెయ్యలేదు. మూడో పేరా తీసెయ్యమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసినా దాన్ని అమలు చెయ్యలేదు. పాపం ఒకడిది, ప్రాయశ్చిత్తం ఇంకొకడిది. ఇదే మా చరిత్ర.

ఈ మాటలు నేను తిరుసభ బయట నిలబడి అనటంలేదు. దాని పుస్తకాలు దగ్గర పెట్టుకునే అంటున్నాను. 1973లో వచ్చిన కొత్త పద్ధతిలో, విడివిడిగా పాపాలు చెప్పుకునే ముందు అందరూ ఒకచోట చేరి వాక్యం విని ఆత్మశోధన చేసుకునే వీలు కల్పించారు. కులానికి క్రైస్తవంలో చోటు లేదని 1982లో తిరుచిరాపల్లిలో భారత పీఠాధిపతులు ప్రకటించారు. 1984లో పోపు రెండో జాన్ పాల్ సామాజిక పాపం గురించి రాశాడు. సామాజిక పాపం గాల్లోంచి ఊడిపడదు, అది వ్యక్తుల పాపాల పోగు, చేసినవాడిదే కాదు, ఆపగలిగి కూడా భయంతోనో బద్ధకంతోనో మాట్లాడకుండా ఊరుకున్నవాడిది కూడా అని దాని సారాంశం. అదే పోపు 2000 మార్చి 12న, తపస్సు కాలపు మొదటి ఆదివారం నాడు, తిరుసభ బిడ్డలు చేసిన పాపాలకి రోములో బహిరంగంగా క్షమాపణ వేడుకున్నాడు. అందులో కులం అన్న మాట లేదు. 2016లో భారత పీఠాధిపతులు దళిత సాధికారత విధానాన్ని ప్రకటించి, దేశంలో కోటీ తొంభై లక్షల కతోలికుల్లో కోటీ ఇరవై లక్షలమంది దళితులేనని రాశారు. తిరుసభలో వివక్ష ఉందని ఒప్పుకున్నారు.

మారంపూడి జోజి గారు 2000లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయ్యారు. దళితుల్లోంచి ఆ పదవికెక్కిన మొదటి మనిషి ఆయనే. 2022లో పూల ఆంతోని గారు కార్డినల్ అయ్యారు. దళితుల్లోంచి మొదటి కార్డినల్. సంతోషమే. కానీ పైన కుర్చీ మారినంతమాత్రాన కింద సమాధుల దొడ్డిలో గోడ దానంతటది కూలిపోదు.

తపస్సు కాలం ఆత్మీయ పునరుద్ధరణ కాలమని ప్రతి ఏడూ ప్రసంగాల్లో వింటాం. ఎవరి పునరుద్ధరణ? మా వాళ్ళు వందేళ్ళుగా తమ చిన్న చిన్న పాపాలు తవ్వి తవ్వి చెప్పుకున్నారు. ఇక ఆత్మశోధన చేసుకోవాల్సింది ముందు వరసలు. నేనడిగేది పెద్ద విప్లవమేమీ కాదు. తపస్సు కాలంలో పంచే ఆత్మశోధన కాయితంలో నాలుగు ప్రశ్నలు చేర్చండి. ఎవరి కూలి నీ ఇంట్లో ఉంది? ఎవరింట మంచినీళ్ళు తాగటానికి నీ నోరు రాలేదు? నీ పిల్ల కులం మానితే ఆమెని ఏం చేశావు? నీ చచ్చినవాళ్ళకీ మా చచ్చినవాళ్ళకీ నడుమ గోడ ఎందుకుంది? వీటిని చేర్చటానికి రోము అనుమతి అక్కర్లేదు. ఒక విచారణ గురువులు, ఒక ఉపదేశి, ఒక కలం చాలు.