పదిమందిలో పాము చావదు



పదిమందిలో పాము చావదని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. కర్ర ఎవరు తెస్తారా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉంటే, పాము కాస్తా చూరులోకి దూరిపోతుంది. సరిగ్గా ఈ సంగతి మీదే ఆధారపడి, ఆడపిల్లల రక్షణ కోసం అమెరికా కాలేజీల్లో ఒక శిక్షణ పుట్టింది. దాని చరిత్ర కాస్త చెప్పుకుందాం.

1964 మార్చి 13. న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతం. కిటీ జెనొవీస్ అనే 28 ఏళ్ళ యువతి పని ముగించుకుని, తెల్లవారుజామున మూడు దాటాక ఇంటికి వస్తోంది. ఇంటి దగ్గరే ఒక దుండగుడు వెంటపడి కత్తితో పొడిచాడు. ఆమె కేకలు విని ఒకాయన కిటికీలోంచి గద్దిస్తే పారిపోయాడు. కాసేపటికి మళ్ళీ వచ్చి, అత్యాచారం చేసి, ఆమె ప్రాణం తీశాడు.

రెండు వారాల తర్వాత న్యూయార్క్ టైమ్స్ పత్రిక, 38 మంది ఇరుగుపొరుగువారు చూస్తూ ఊరుకున్నారని రాసింది. దేశమంతా ముక్కున వేలేసుకుంది. పట్నవాసులకు గుండె రాయైపోయిందన్నారు.

జాన్ డార్లీ, బిబ్ లాటనే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు మాత్రం ఆ మాటతో సరిపెట్టుకోలేదు. 1968లో వాళ్ళు ప్రకటించిన ప్రయోగం చూడండి. కాలేజీ విద్యార్థులను వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి, మైకుల్లో మాట్లాడుకోమన్నారు. మధ్యలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు గొంతు వినిపించింది. నిజానికి అది ముందే రికార్డు చేసిపెట్టిన గొంతు. తామొక్కరే వింటున్నామనుకున్నవారిలో నూటికి 85 మంది ఆ గొంతు ఆగేలోపే లేచి వెళ్ళి చెప్పారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవారిలో నూటికి 31 మందే లేచారు. మిగిలినవాళ్ళవి రాతిగుండెలా అంటే, కాదు. చాలామందికి చేతులు వణికాయి, అరచేతులకు చెమటలు పట్టాయి. జాలి లేక కాదు, ఇంకెవరో చెబుతారులే అనుకుని ఆగిపోయారన్నమాట.

అలా ఆగిపోవడం అలవాటే అయితే, ఆ అలవాటు మార్చుకోవచ్చు కదండీ! 1993లో బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయంలో జాక్సన్ కాట్జ్ అనే ఆయన క్రీడాకారులైన విద్యార్థులకు ఇలాంటి తరగతులు మొదలుపెట్టారు. చీకటి పడ్డాక తిరగకు, ఒంటరిగా వెళ్ళకు అని ఆడపిల్లకు జాగ్రత్తలు చెప్పడం ఎక్కడైనా ఉన్నదే. ఇక్కడ ప్రశ్న మగపిల్లవాడికి వచ్చింది. నీ స్నేహితుడు, తాగి తూలుతున్న అమ్మాయిని గదిలోకి తీసుకుపోతుంటే నువ్వేం చేస్తావు? నిన్ను దోషి అనలేదు, పక్కనున్నవాడివి కదా అని అడిగారు.

న్యూహాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో 389 మంది విద్యార్థులతో ఇటువంటి శిక్షణను పరీక్షించి, దానివల్ల మేలు కనబడిందని 2007లో ప్రకటించారు. కెంటకీ విశ్వవిద్యాలయంలో డొరతీ ఎడ్వర్డ్స్ రూపొందించిన గ్రీన్ డాట్ శిక్షణలో మూడు మార్గాలు నేర్పారు. ధైర్యముంటే ఎదురుగా వెళ్ళి ఆపాలి. లేదా మాట కలిపి దృష్టి మళ్ళించాలి. అదీ చేతకాకపోతే, చేయగలిగినవారిని పిలుచుకురావాలి. అందరూ వీరులు కానక్కరలేదన్నమాట. 2013లో అమెరికా చట్టం ఇలాంటి శిక్షణను కాలేజీల బాధ్యతల్లో చేర్చింది.

ఇంతకీ ఆ 38 మంది కథ అంత నిజం కాదు. తన కథనం లోపభూయిష్టమనీ, సాక్షుల సంఖ్యను బాగా పెంచి చెప్పిందనీ ఆ పత్రికే 2016లో ఒప్పుకుంది. చాలామంది ఏదో అరుపు విన్నారు కానీ, జరుగుతున్నదేమిటో వాళ్ళకు అర్థం కాలేదు. పైగా ఆ రోజు ఒక ఆడమనిషి కదిలింది. పొరుగింటి సోఫియా ఫరార్, దుండగుడు ఇంకా అక్కడే ఉన్నాడేమోనని కూడా చూడకుండా మెట్లు దిగి పరుగెత్తింది. చివరి క్షణాల్లో కిటీని చేతుల్లోకి తీసుకుని ఓదార్చింది. ఊరుకున్నవాళ్ళ లెక్క లోకమంతా తెలిసింది, వెళ్ళినామె పేరు మాత్రం ఆ కథనంలోకి ఎక్కలేదు!

మన దేశంలోనూ 2015లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం తెచ్చిన నిబంధనలు తోటివారికి ఒక అవకాశమిచ్చాయి. బాధితురాలు శారీరకంగానో, మానసికంగానో ఫిర్యాదు చేయలేని స్థితిలో ఉంటే, స్నేహితులు, తోటి విద్యార్థులు ఆమె తరఫున చేయవచ్చు.

మనవాడు చెడ్డపని చేయకపోతే చాలని తల్లులం సంతోషిస్తాం. అది సగమే. తన ఎదుట జరుగుతుంటే వాడేం చేస్తాడు? ఈ రాత్రి అన్నం పెడుతూ, కొడుకునూ కూతురునూ కూడా ఆ మాట అడిగి చూడండి.