పాత బట్టకు వెల కట్టిన వాళ్లు

మధ్యాహ్నం భోజనాలయ్యే వేళకు బందరు దగ్గరి గూడూరు వీధుల్లో ఓ కేక వినపడుతుంది: "పాత బట్టలకు స్టీలు సామాన్లమ్మా!" గంప దించిన మనిషి ప్యాంటును వెలుతురుకెత్తి చూస్తుంది, జిప్పు లాగుతుంది, కాలరు తిరగేసి మెడ దగ్గర అరుగుదల తడుముతుంది. "ఇంకో రెండు చీరలెయ్యి పిన్నీ, ఈ బేసిను నీదే" అంటుంది. "రెండా? ఆ మాత్రానికి బజార్లో కొత్తదే కొనుక్కుంటాను" అంటుంది ఇంటావిడ. పట్టుచీరలు కొనేవాడి లెక్క వేరు. వాడికి చీరతో పనిలేదు. అంచును కాల్చి జరీలోని వెండి తీసుకోవడమే కావాలి.

ఇంగ్లండులో ఇదే పని దానం పేరుతో దుకాణమెక్కింది. యుద్ధకాలంలో ఆకలితో అల్లాడుతున్న గ్రీసు కోసం 1942లో ఆక్స్‌ఫర్డ్ పెద్దలు కొందరు ఒక సంఘం పెట్టారు. అదే తర్వాత ఆక్స్‌ఫామ్ అయింది. యుద్ధం ముగిశాక మళ్లీ గ్రీసుకే సాయం అడిగితే జనం ఇచ్చిన సామాను గుట్టలు పడింది. దాన్ని అమ్మి డబ్బు చేద్దామని ఆ ఊళ్లోనే బ్రాడ్ స్ట్రీట్‌లో 17వ నంబరు ఇంట్లో కొట్టు తెరిచారు. 1940ల చివరి నాటి మాట ఇది. కొట్టు పుట్టింది కొరతలోంచి కాదు, దానం ఎక్కువైపోయి. పర్యావరణం అనే ఊసే అప్పుడు లేదు. ఒక చొక్కాకు సరిపడా పత్తి పండించి, నేసి, రంగు వేయడానికి సుమారు 2,700 లీటర్ల నీళ్లు పడతాయన్న అంచనాలు చాలా కాలం తర్వాత వచ్చాయి.

1977 నవంబరు 19 ఉప్పెనకు దివిసీమ తుడిచిపెట్టుకుపోయినప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టారు. అడిగితే ఇచ్చే చెయ్యి మనకూ ఉంది. లేనిది ఇచ్చినదాన్ని ఏరి, పనికొచ్చేచోటికి చేర్చే ఏర్పాటు. 2004 సునామీ మన బందరు దగ్గరి మంగినపూడినీ తాకింది. ఆ తర్వాత తమిళనాడులో సాయంగా వచ్చిన బట్టలు ఎవరికీ అక్కరకు రాక రోడ్ల పక్కన పడి ఉంటే, 1999లో అంశు గుప్తా ఢిల్లీలో మొదలుపెట్టిన గూంజ్ సంస్థ వాటిని ఏరి బాగుచేసే పని నెత్తిన వేసుకుంది. ఆ సంస్థ పద్ధతి ఒకటి నాకు నచ్చుతుంది. ఊరివాళ్లు తమ చెరువో దారో తామే బాగుచేసుకుంటే, ఆ కష్టానికి ప్రతిఫలంగా బట్టలిస్తారు. గుప్తాకు 2015లో మెగసెసే అవార్డు వచ్చింది. అదే మన ఇళ్లలో అయితే పండక్కి పాలేరుకూ చాకలికీ పాత పంచె పడేసేవారు. పుచ్చుకున్నవాడు తల వంచాలి. కష్టానికి బదులుగానో, పది రూపాయలిచ్చో తెచ్చుకున్న బట్టకు ఆ వంగుడు అక్కర్లేదు. అమెరికాలో చదువుకునే మన పిల్లలు గుడ్‌విల్ అనే పాత సామాన్ల కొట్లో చలికోటు కొని నిక్షేపంగా తొడుక్కుంటారు. ఊళ్లో అయితే ఒకళ్లు విడిచింది మాకెందుకంటారు!

నిజానికి డెల్టా ఇంట్లో నేత చీర అంత తొందరగా చెత్త అయ్యేది కాదు. కప్పలదొడ్డి మగ్గం మీద నేసినా, పెడనలో అద్దకం వేసినా, మెత్తబడ్డాక అది పొత్తిగుడ్డ, ఉయ్యాల. తర్వాత బొంతలో ఓ పొర. డాబా మీద వడియాలు పెట్టుకునేది దాని మీదే, ఆవకాయ జాడీకి వాసెన కట్టేది దాంతోనే. చివరికి మసిగుడ్డ. పాత పంచె అయితే దీపంలో ఒత్తి. ఒకప్పుడు మన కోరమాండల్ తీరం నుంచి ఓడల్లో వెళ్లిన అద్దకం గుడ్డల్ని జపానువాళ్లు ముక్కముక్కా దాచి, టీ పొడి భరిణెలకు సంచులు కుట్టుకున్నారు.

పాలిస్టరు వచ్చి ఈ వరసను తెంపింది. అది నీళ్లు పీల్చదు, ఒత్తికి పనికిరాదు, చంటిబిడ్డ ఒంటికి పడదు. చిరగదు కూడా, విసుగొచ్చి పారేస్తాం. కాలువ గట్ల మీద మూటలు మూటలుగా కనిపించేది అదే. పాత బట్టల కొట్టుతో ఇదంతా తీరిపోతుందని నేను చెప్పను. అమ్ముడుపోనిదాన్ని ఏరడానికి ఆక్స్‌ఫామ్ 1974లో హడర్స్‌ఫీల్డ్‌లో విడిగా ఓ కేంద్రమే పెట్టుకోవాల్సి వచ్చింది. గూడూరులోనో బందరులోనో అలాంటి కొట్టు పెట్టేవాళ్లు, తెచ్చిన మూటను గుమ్మంలోనే విప్పి చూసి, పనికిరానిది అక్కడే తిరిగిచ్చేయగలగాలి. తెచ్చినవాళ్లు మొహం మాడ్చుకున్నా సరే.