అమెరికా టాక్ రేడియో: స్థానికత నుంచి సిండికేషన్‌కు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
అమెరికాలో స్థానిక చర్చా కార్యక్రమాల స్థానాన్ని, ఒకచోట తయారై వందల కేంద్రాలకు పంపిణీ అయ్యే సిండికేటెడ్ కార్యక్రమాలు చాలావరకు ఆక్రమించాయి. 1987లో ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ రద్దు కావడమే ఇందుకు కారణమన్న వాదాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: టాక్ రేడియో, సిండికేషన్, స్థానికత, లైసెన్సు, యాజమాన్యం.

1. ఉపోద్ఘాతం:
అమెరికాలో ప్రతి రేడియో కేంద్రానికీ ఒక నిర్దిష్టమైన ఊరి పేరిట లైసెన్సు ఇస్తారు. ప్రజాప్రయోజనమే అందుకు ప్రాతిపదికని 1934 నాటి కమ్యూనికేషన్స్ చట్టం నిర్దేశించింది. 1960లో సెయింట్ లూయిస్‌లోని కె.ఎం.ఓ.ఎక్స్., లాస్ ఏంజిలిస్‌లోని కె.ఎ.బి.సి. సంభాషణ ప్రధానమైన ప్రసారాలకు మళ్లాయి. శ్రోత ఫోన్ చేసి తన ఊరి సమస్యను అదే ఊరి వ్యాఖ్యాతతో చర్చించే వేదిక ఏర్పడింది.

2. ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ – ప్రచారంలో ఉన్న వాదం:
వివాదాస్పద ప్రజాసమస్యలను చర్చించాలనీ, భిన్నాభిప్రాయాలకు చోటివ్వాలనీ ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 1949లో నియమం విధించింది. 1987 ఆగస్టులో అది రద్దయింది. 1988 ఆగస్టులో రష్ లింబా జాతీయ కార్యక్రమం మొదలైంది. ఈ రెండు ఘటనల సామీప్యమే పై వాదానికి ఆధారం. అయితే ఆ నియమం స్థానిక, జాతీయ కార్యక్రమాలకు సమానంగా వర్తించేది. అది అమలులో ఉండగానే, 1978లో లారీ కింగ్ దేశవ్యాప్త ఫోన్ కార్యక్రమం ప్రారంభమైంది. కాబట్టి రద్దు వల్ల ఏకపక్ష వ్యాఖ్యానానికి స్వేచ్ఛ లభించిందనవచ్చు. స్థానిక వ్యాఖ్యాత నిష్క్రమణకు కారణం మరెక్కడో వెతకాలి.

3. నియంత్రణల సడలింపు – ఆర్థిక కారణాలు:
స్థానిక ప్రముఖులను, ప్రజలను సంప్రదించి ఊరి అవసరాలను నిర్ధారించుకోవాలన్న లాంఛన నిబంధనను కమిషన్ 1981లోనే రేడియోకు తొలగించింది. సంగీతశ్రోతలు ఎఫ్.ఎం.కు తరలిపోగా, ఎ.ఎం. కేంద్రాలకు చవకైన కార్యక్రమాలు అవసరమయ్యాయి. స్థానిక చర్చకు వ్యాఖ్యాత, నిర్మాత, ఫోన్లు అందుకునే సిబ్బంది కావాలి, వారికి జీతాలివ్వాలి. సిండికేటెడ్ కార్యక్రమానికి చాలాచోట్ల సొమ్ముకు బదులు ప్రకటనల సమయంలో కొంత వాటా ఇస్తే సరిపోయేది. ఉపగ్రహ ప్రసారం పంపిణీని సులభతరం చేసింది. 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం ఒక సంస్థ దేశంలో ఎన్ని కేంద్రాలను కలిగి ఉండవచ్చన్న పరిమితిని ఎత్తివేసింది. ఫలితంగా క్లియర్ ఛానల్ సంస్థ చేతికి సుమారు 1200 కేంద్రాలు వచ్చాయి. లింబా కార్యక్రమాన్ని పంపిణీ చేసిన ప్రీమియర్ రేడియో నెట్‌వర్క్స్ కూడా దానిదే. పంపేవారూ ప్రసారం చేసేవారూ ఒకే యజమాని కిందికి చేరారు.

4. మైనాట్ ఉదంతం:
2002 జనవరి 18న నార్త్ డకోటా రాష్ట్రంలోని మైనాట్ వద్ద రైలు పట్టాలు తప్పి అమోనియా వాయువు వెలువడింది, ఒకరు మరణించారు. అప్పటికి ఆ పట్టణంలోని ఆరు వాణిజ్య కేంద్రాలూ క్లియర్ ఛానల్‌వే. ప్రజలకు హెచ్చరిక సకాలంలో రేడియోలో వినిపించలేదు. లోపం పోలీసు పరికరాలదా, కేంద్రాలదా అన్నది వివాదమైంది. ఏమైనా, స్టూడియోలో మనిషి ఉండటం ప్రాణాలకు సంబంధించిన విషయమని ఆ రాత్రి దేశానికి తెలిసివచ్చింది.

5. ముగింపు:
లైసెన్సు పొందిన ఊరికి చేరువలో ప్రధాన స్టూడియో ఉండాలన్న నిబంధన సైతం 2017లో రద్దయింది. అభిప్రాయ సమతౌల్యం విషయంలో 1987 కీలకమైతే, స్థానికత విషయంలో 1981, 1996 అంతకంటే కీలకమైనవి. లైసెన్సుపై ఊరి పేరు నేటికీ ఉంది. ఆ ఊరి మాటకు ప్రసారంలో చోటు కల్పించాలన్న బాధ్యత మాత్రం అంచెలంచెలుగా సడలిపోయింది.