టీ రంగు నీటి గుట్టు

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఓకెఫెనోకీ అనే పెద్ద చిత్తడినేల ఉంది. అక్కడ పుట్టే సువానీ నది నీళ్లు పాలు కలపని టీలా ఉంటాయి. ఆకులూ బెరడూ నాచూ ఏళ్ల తరబడి నానితే దిగిన రంగు అది. బురద కాదు కాబట్టి వడపోసినా పోదు. కరిగి ఉన్న ఈ వృక్షశేషాలే హ్యూమిక్ పదార్థాలు. స్వీడన్ రసాయనవేత్త బెర్జీలియస్ 19వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లోనే పోర్లా ఊటనీటి నుంచి ఇలాంటి ఆమ్లాలను వేరుచేశాడు. ఆ తర్వాత నూరేళ్లకు పైగా నీటిశుద్ధి చేసేవాళ్లకు ఈ రంగు వదిలించుకోవాల్సిన మరక మాత్రమే.

ఈ మరకకు ఒక పనితనం ఉందని తెలియడానికి ముందు వేరే దారిలో వేరే కథ నడిచింది. 1900 ప్రాంతంలో మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే విద్యార్థి అక్రిడీన్ రంగు కలిపిన నీటిలో సూక్ష్మజీవులను పెట్టి చూశాడు. వెలుతురు ఉంటే చచ్చాయి, చీకట్లో బతికాయి. అంటే రంగు వెలుతురును పట్టి ఇంకెవరికో అందిస్తోంది. ఎవరికి? 1931లో జర్మనీలో పనిచేస్తున్న రసాయనవేత్త కౌట్స్కీ జవాబు చెప్పాడు. రంగును కొన్ని సిలికా రేణువుల మీద, అది మార్చాల్సిన పదార్థాన్ని వేరే రేణువుల మీద ఎక్కించాడు. రెండూ తాకకపోయినా మార్పు జరిగింది. మధ్యలో మోసుకెళ్లింది ఉత్తేజితమైన ఆక్సిజనే అన్నాడు. చాలామంది నమ్మలేదు. ఫూట్, వెక్స్లర్ అనే రసాయనవేత్తలు 1964లో ఆ ఆలోచనను మళ్లీ నిలబెట్టేదాకా అది మూలనే పడి ఉంది. ఇవాళ దాన్ని సింగ్లెట్ ఆక్సిజన్ అంటున్నాం.

నీటికి, ఈ కథకు ముడి పడింది పురుగుమందుల గొడవతో. మన రైతులు తెగుళ్లకు కొట్టే మాంకోజెబ్ విరిగితే ఇథిలీన్ థయోయూరియా వస్తుంది. 1973లో కాలిఫోర్నియాలో రాస్, క్రాస్బీ దాన్ని శుద్ధమైన నీటిలో ఎండకు పెడితే చెక్కుచెదరలేదు. రైబోఫ్లావిన్ లాంటి కాంతిగ్రాహకం తోడైతే త్వరగా విరిగింది. ప్రయోగశాలల్లో డిస్టిల్డ్ వాటర్ మీద ఉన్న మోజు ఎంత తప్పుదారి పట్టిస్తుందో ఈ ఒక్క పరీక్ష చెబుతుంది. 1977లో జార్జియాలోని ఏథెన్స్‌లో ఉన్న అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ప్రయోగశాల నుంచి రిచర్డ్ జెప్, ఆయన సహచరులు నేచర్ పత్రికలో అసలు సంగతి రాశారు: ఎండ తగిలితే సహజ జలాల్లో సింగ్లెట్ ఆక్సిజన్ పుడుతుంది. దాన్ని పట్టుకోవడానికి అది తగిలితే ఇట్టే మారిపోయే డైమిథైల్‌ఫ్యూరాన్‌ను ఎర వేశారు.

జరిగేది ఇది. హ్యూమిక్ అణువు కాంతిని మింగి ఉత్తేజిత స్థితికి వెళుతుంది. ఆ శక్తిని నీటిలోని ఆక్సిజన్‌కు ఇస్తుంది, లేదా తానే కాలుష్యం మీద దాడి చేస్తుంది. సింగ్లెట్ ఆక్సిజన్ ఆయువు నీటిలో కొన్ని మైక్రోసెకన్లే. అయినా ఎండ ఉన్నంతసేపూ కొత్తది పుడుతూనే ఉంటుంది. 2006లో లాచ్, మెక్‌నీల్ ఇంకో చిత్రం చూపారు: హ్యూమిక్ ముద్దల లోపల సింగ్లెట్ ఆక్సిజన్ గాఢత చుట్టూ ఉన్న నీటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. నీటికి దూరంగా జరిగే కాలుష్యాలు దాక్కునేది కూడా అక్కడే!

అయితే ఈ రంగు అడ్డుగోడ కూడా. పైపొరలోనే ఎండనంతా తాగేసి కింద చీకటి చేస్తుంది. కాలుష్యాలను విరిచే హైడ్రాక్సిల్ రాడికల్స్‌ అనే చురుకైన కణాలను తానే పుట్టించి తానే మింగుతుంది. పైగా ఎండలో విరిగిందల్లా విషం పోయినట్టు కాదు: సబ్బుల్లో వాడిన ట్రైక్లోసాన్ వెలుతురుకు కొంత డయాక్సిన్ జాతి పదార్థంగా మారుతుందని 2003లో తేలింది. కాబట్టి వ్యర్థాలను చెరువులోకి వదిలి ఎండకు అప్పజెబుతామంటే కుదరదు.

అంతర్జాతీయ హ్యూమిక్ పదార్థాల సంఘం 1981లో ఏర్పడింది. ఆ సంఘం సువానీ నీటి నుంచి తీయించిన పొడి ఇప్పుడు ప్రపంచ ప్రయోగశాలల్లో ప్రామాణిక నమూనా. కానీ ఓకెఫెనోకీ మన చెరువు కాదు. మాంకోజెబ్ కొట్టే పొలాల పక్క నీటిని తెచ్చి, అదే ఎండలో పెట్టి చూసే పని మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు చేపట్టాలి.