చెట్టెక్కకుండా చెట్టు ఎత్తు, మన అడవిలో 1819 నాటి జ్వరం

పోయిన నెల మా గట్టు మీది టేకు చెట్లు చూడటానికి ఒకాయన వచ్చిండు. మెడ పైకెత్తి చూసి "ముప్పై అడుగులుంటది" అన్నడు. నేను ఆరడుగుల కర్ర నిలబెట్టి నీడ కొలిచిన. నాలుగడుగులు. అదే టైముకు చెట్టు నీడ 26 అడుగులు. ఇరవయ్యారును ఆరుతో గుణించి నాలుగుతో భాగిస్తే 39. ఇంక ఆయన ముప్పై మాట ఎత్తలేదు. నేల చదునుగా ఉంటేనే ఈ లెక్క, వాలు మీద తప్పుతది.

ఇది కొత్త తెలివేం కాదు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన గణితసార సంగ్రహంలో నీడల లెక్కలకే ఒక అధ్యాయం ఉంది. ఆ పుస్తకాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చిండు.

దట్టమైన అడవిలో నీడ ఆనదు కదా. అక్కడ ఇంకో పద్ధతి. కంటి నుంచి పిడికిలి దాకా ఎంత దూరమో అంత పొడవు కర్ర తీసుకుని, చెయ్యి చాపి నిలువుగా పట్టుకోవాలి. కర్ర కింది కొస చెట్టు మొదట్లో, పై కొస చెట్టు చివర కనపడేదాకా వెనక్కి నడవాలి. అక్కడి నుంచి చెట్టుకున్న దూరమే చెట్టు ఎత్తు. అంతా త్రిభుజం మహిమే.

ఇదే త్రిభుజంతో దేశం మొత్తం కొలుద్దామని 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టినాయన విలియం లాంబ్టన్. ఆయన కింద పనికొచ్చిన జార్జ్ ఎవరెస్టును 1819లో కృష్ణా, గోదావరి నడుమ అడవుల్లోకి పంపిండు. గుట్ట మీంచి గుట్ట కనపడితేనే కోణం దొరుకుతది. మన అడవి గురించి మీకు చెప్పేదేముంది, చెట్లు కొడితే గానీ చూపు ఆనదు. అదీ వానాకాలం. జ్వరం తగులుకుంది. సుమారు 150 మంది పడిపోయిండ్రు, పదిహేను మంది దాకా చనిపోయిండ్రు. ఎవరెస్టును హైదరాబాదుకు మోసుకుపోవాల్సి వచ్చింది. 1820లో ఒళ్లు బాగుచేసుకోడానికి ఆఫ్రికా కొసన ఉన్న కేప్‌కు పోయిండు. ఆ జ్వరం దోమతో వస్తదని అప్పుడెవరికీ తెలియదు. మలేరియా క్రిమిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ చూసింది 1897లో, అదీ మన సికింద్రాబాదులనే.

ఎవరెస్టు పేరు 1865లో కొండకు పెట్టిండ్రు. దాని ఎత్తు లెక్కగట్టినవాడు మాత్రం బెంగాలీ రాధానాథ్ సిక్దర్. కొండెక్కకుండా, కింది నుంచి చూసిన కోణాలతోనే! అడవిలో చచ్చిపోయిన కూలీల పేర్లు మాత్రం ఏ కొండకూ లేవు.

ఇంకోటి. ఎత్తు సరిగ్గా వచ్చినా చుట్టుకొలత దగ్గర జాగ్రత్త. చుట్టుకొలతలో నాలుగో వంతును దాంతోనే గుణించి, పొడవుతో మళ్లీ గుణించే లెక్కను 1736లో ఇంగ్లండులో హోప్పస్ అనే ఆయన పట్టికలుగా అచ్చేసిండు. నాలుగడుగుల చుట్టు, ఇరవై అడుగుల దుంగకు ఆ లెక్కలో 20 ఘనపుటడుగులే. దుంగలో నిజంగా ఉండేది ఇరవై అయిదున్నర. కోతలో పోయే చెక్కకు తగ్గింపు అంటరు. అందుకే రేటు మాట్లాడేముందు ఏ లెక్కనో అడగండి. కొనేటాయనకు కావాల్సింది కొమ్మలు మొదలయ్యే దాకా ఉన్న మొద్దు పొడవు కాబట్టి, కర్ర పై కొసను ఆ కొమ్మ దగ్గరే ఆనించి కొలవండి.